మిద్దెకు కిటికీ పెడతావా, నాయనా?

ఆత్మకూరులో ఇంటి వెనక గది వేస్తున్నావు. రెండు పక్కలా పొరుగిళ్ల గోడలే, అందుకని స్లాబులో అద్దం పెట్టిస్తానంటావు. పెట్టించు. మా ఉదయగిరి వైపు పాత మట్టిమిద్దెలకు గవాచి ఉండేది. వెలుతురు దిగేది, పొయ్యి పొగ ఎక్కిపోయేది. వానొస్తే పైకెక్కి బండ మూసేవాళ్లు.

అంగట్లో నీకు డబుల్ గ్లాసు అంటగడతారు. రెండు అద్దాలు, నడుమ గాలి. ఆ గాలి గుండా వేడి పాకడం అద్దంలో పాకేదానిలో నలభయ్యో వంతే. 1941లో, పైకప్పు కిటికీలు చేసే వెలక్స్ కంపెనీ పుట్టిన డెన్మార్కులో అది బంగారం, ఎందుకంటే అక్కడ గదిలో వెచ్చదనం బయటికి పోకూడదు. మన బాధ వేరు.

లెక్క చూడు. మూడడుగుల చదరం అద్దం. బయట 42 డిగ్రీలు, లోపల 32. ఆ తేడాకి ఒంటి అద్దం గుండా దిగే వేడి సుమారు 50 వాట్లు. డబుల్ గ్లాసు దాన్ని సగం చేస్తుంది. అదే అద్దంలోంచి మిట్టమధ్యాహ్నం ఎండ నేరుగా దిగితే? 700 వాట్లు! ఇస్త్రీపెట్టె వేసి గదిలో వదిలేసినట్టే. మామూలు డబుల్ గ్లాసు ఇందులో ఆపేది మహా అయితే పదో వంతు. ఆ కాస్త కోసం అంత డబ్బా?

మన ఊళ్లు 15 డిగ్రీల అక్షాంశానికి కాస్త కింద ఉన్నాయి. కత్తెర ఇంకా మొదలవకముందే, ఏప్రిల్ చివర్లో, సూర్యుడు సరిగ్గా నడినెత్తికొస్తాడు. ఆగస్టు నడుమ మళ్లీ వస్తాడు. అందుకే పడుకున్న అద్దం వద్దంటాను. స్లాబు మీద రెండడుగుల గోడ లేపి ఉత్తరం వైపు నిలువు అద్దం బిగించు. జూన్‌లో సూర్యుడు ఉత్తరానికి జరిగినా మధ్యాహ్నం వాలేది తొమ్మిది డిగ్రీలే, అడుగు సన్‌షేడ్ చాలు. ఒంటి అద్దమైనా ఫరవాలేదు. తెరుచుకునే రెక్క పెట్టిస్తే వేడిగాలి దానంతటదే పైకి పోతుంది.

కాదూ, పడుకోబెట్టాల్సిందే అంటావా? చిన్నది చాలు, పాలరంగు గూళ్ల పాలీకార్బొనేట్ రేకు వేయించు. డబుల్ గ్లాసు కంటే చవక, కోతులు దూకినా పగలదు. యూవీ పూత ఉన్న వైపే పైకి రావాలి, తిరగేస్తే కొన్నేళ్లకే పసుపెక్కి పెళుసవుతుంది. ఏది పై వైపో రేకుకు అంటించిన ప్లాస్టిక్ పొర మీద రాసుంటుంది. మేస్త్రీ దాన్ని చింపేయకముందే నువ్వు చూడు.

కమ్మీ కట్టేటప్పుడే కన్నం వదిలించు, చుట్టూ అరడుగు గట్టు కట్టించు. కార్తీకంలో తుఫాను వానలు ఊరుకోవు. గట్టు ఆరాక గంటసేపు పైపుతో నీళ్లు కొట్టి, కిందికొచ్చి అంచులు తడిమి చూడు. మేస్త్రీకి మిగతా కూలి ఆ తర్వాతే.