ఇరవై ఎనిమిది డాలర్ల ఇల్లు

కూడు, గుడ్డ, గూడు అనే మూడూ మానవుని ప్రాథమికావసరాలని పెద్దలు చెబుతారు. వీటిలో మొదటి రెండూ ఏ రోజుకా రోజు సమకూర్చుకోదగినవి. మూడవది అట్లా తీరేది కాదు. ఒక ఇంటిని నిర్మించుకోవడానికి మనిషి ఏళ్ళ తరబడి కూడబెట్టి, చాలనిదానికి అప్పు చేసి, ఆ అప్పు తీర్చడానికి మరికొన్ని ఏళ్ళు వెచ్చిస్తాడు. ఇల్లు మనిషిని కాపాడుతున్నదా, లేక మనిషే ఇంటిని మోస్తున్నాడా అనే సందేహం ఆలోచనాపరులకు కలగక మానదు. ఈ సందేహానికి సమాధానం వెతుకుతూ, తన చేతులతో ఒక చిన్న ఇల్లు కట్టుకొని, దానికైన ఖర్చును అర సెంటుతో సహా లెక్క వ్రాసిపెట్టిన యువకుడు ఒకడు ఉన్నాడు. ఆయన అమెరికా రచయిత హెన్రీ డేవిడ్ థోరో. ఇల్లు కట్టేనాటికి ఆయన వయస్సు 27 సంవత్సరాలు. ఆ ఇంటిని, ఆ లెక్కను, అందులోని అంతరార్థాన్ని మన విద్యార్థులకు పరిచయం చేయడమే ఈ వ్యాసోద్దేశం.

థోరో 1817 జూలై 12న మసాచుసెట్స్ రాష్ట్రంలోని కాంకర్డు అనే చిన్న పట్టణంలో జన్మించాడు. తండ్రి పెన్సిళ్ళు తయారు చేసేవాడు. థోరో 1837లో హార్వర్డులో పట్టభద్రుడై, కొంతకాలం అన్న జాన్‌తో కలిసి పాఠశాల నడిపాడు. 1839లో అన్నదమ్ములిద్దరూ తాము స్వయంగా తయారు చేసుకొన్న పడవలో నదీయాత్ర చేశారు. 1842లో జాన్ ధనుర్వాతంతో మరణించాడు. ఆ యాత్రను గ్రంథంగా వ్రాయాలనే సంకల్పం థోరో మనస్సులో నిలిచిపోయింది. వ్రాయడానికి తీరిక కావాలి, ఏకాంతం కావాలి. ఈ రెండింటినీ కొనుక్కోగల ధనం ఆయన వద్ద లేదు. కావున వాటిని మరొక మార్గంలో సంపాదించవలసి వచ్చింది.

ఆయనకు మిత్రుడూ గురుతుల్యుడూ అయిన తత్త్వవేత్త రాల్ఫ్ వాల్డో ఎమర్సన్ 1844లో వాల్డెన్ అనే కొలను ఒడ్డున కొంత అటవీ భూమి కొన్నాడు. అందులో ఇల్లు వేసుకోవడానికి థోరోకు అనుమతి లభించింది. 1845 మార్చి నెలాఖరున ఆయన ఒక గొడ్డలి ఎరువు తెచ్చుకొని అడవికి వెళ్ళాడు. దానిని తిరిగి ఇచ్చేటప్పుడు, తీసుకొన్ననాటి కంటె పదునుగా ఇచ్చానని తరువాత సగర్వంగా వ్రాసుకొన్నాడు. సన్నగా, నిటారుగా పెరిగిన పైన్ చెట్లను నరికి, ముఖ్యమైన దూలాలను ఆరంగుళాల చదరంగా చెక్కాడు. వాసాలను ఒక్క వైపు మాత్రమే చెక్కి, తక్కిన వైపుల బెరడు అట్లాగే ఉంచాడు. అవసరం లేని చోట శ్రమను వ్యర్థం చేయకపోవడం ఆయన పద్ధతి.

పలకల కోసం ఆయన కొత్త కలప కొనలేదు. సమీపంలో రైలు మార్గంపై పనిచేసే జేమ్స్ కాలిన్స్ అనే ఐరిష్ కూలీ వద్ద ఒక పాత గుడిసెను 4 డాలర్ల 25 సెంట్లకు కొన్నాడు. రాత్రి సొమ్ము చెల్లించాలి. తెల్లవారి ఐదు గంటలకు ఆ కుటుంబం గుడిసె ఖాళీ చేయాలి. అదీ ఒప్పందం. ఆరు గంటలకు థోరో వెళుతుండగా దారిలో ఆ కుటుంబం ఎదురయింది. పడక, కాఫీ గింజల తిరగలి, అద్దం, కోళ్ళు, అన్నీ కలిపి వారి సంసారమంతా ఒకే పెద్ద మూట. థోరో ఆ గుడిసెను విప్పి, పలకలను చిన్న బండిపై చేరవేసి, వంపులు పోవడానికి పచ్చిక మీద ఎండలో ఆరబెట్టాడు.

తరువాత ఆరడుగుల చదరంలో ఏడడుగుల లోతున నేలమాళిగ త్రవ్వాడు. మే నెల మొదట్లో మిత్రులు కొందరు వచ్చి ఇంటి చట్రాన్ని నిలబెట్టడంలో సాయపడ్డారు. పైకప్పు పూర్తికాగానే, అమెరికా స్వాతంత్ర్య దినమైన జూలై 4న ఆయన గృహప్రవేశం చేశాడు. పొగగొట్టం, గోడపూత చలికాలం రాకముందే ముగించాడు. ఆ ఇల్లు 15 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గల ఒకే ఒక్క గది. ఇరువైపులా రెండు పెద్ద కిటికీలు, ఒక చివర తలుపు, రెండవ చివర ఇటుకల పొయ్యి, పైన అటక. లోపల ఒక మంచం, ఒక బల్ల, వ్రాతకు ఒక మేజా, మూడు కుర్చీలు. అంత చిన్న కప్పు కింద ఒక్కొక్కసారి పాతిక ముప్పై మంది అతిథులు నిలబడిన సందర్భాలున్నాయట.

ఇక ఆయన వ్రాసుకొన్న లెక్క ఇది:

పలకలు (చాలావరకు పాత గుడిసెవి) – 8 డాలర్ల 3½ సెంట్లు
ఏరివేతలో వచ్చిన చెక్క పెంకులు – 4 డాలర్లు
సన్నని బద్దలు – 1 డాలరు 25 సెంట్లు
అద్దాలతో కూడిన రెండు పాత కిటికీలు – 2 డాలర్ల 43 సెంట్లు
పాత ఇటుకలు వెయ్యి – 4 డాలర్లు
సున్నం రెండు పీపాలు – 2 డాలర్ల 40 సెంట్లు
గోడపూతలో కలిపే వెంట్రుకలు – 31 సెంట్లు
పొయ్యి పైభాగానికి ఇనుప కమ్మీ – 15 సెంట్లు
మేకులు – 3 డాలర్ల 90 సెంట్లు
బందులు, మరమేకులు – 14 సెంట్లు
గొళ్ళెం – 10 సెంట్లు
సుద్ద – 1 సెంటు
రవాణా – 1 డాలరు 40 సెంట్లు
మొత్తం – 28 డాలర్ల 12½ సెంట్లు

సున్నానికి ధర ఎక్కువ పెట్టానని, వెంట్రుకలు కావలసినదానికంటె ఎక్కువ కొన్నానని, సామానులో చాలా భాగం తన వీపు మీదనే మోశానని ఆయన ఈ పట్టికలోనే ఒప్పుకొన్నాడు. తన పొరపాట్లను కూడా లెక్కలో చేర్చినవాని లెక్కను మనం నమ్మవచ్చు.

విద్యార్థులు ప్రత్యేకంగా గమనించవలసిన విషయం ఒకటున్నది. ఆ రోజులలో ఒక హార్వర్డు విద్యార్థి తన గదికి ఏడాదికి 30 డాలర్ల అద్దె చెల్లించేవాడు. ఆ గది థోరో ఇంటికంటె కొద్దిగా మాత్రమే పెద్దది. పైగా ఒకే కప్పు కింద 32 గదులు ప్రక్క ప్రక్కనే కట్టడం వలన యాజమాన్యానికి ఎంతో కలిసివచ్చేది. అట్లా ఉండి కూడా, ఒక్క ఏడాది అద్దెకంటె తక్కువ ధనంతో జీవితాంతం ఉండదగిన ఇల్లు తయారయిందని థోరో చూపించాడు. విద్యార్థులు చదువులో భాగంగానే ఇటువంటి పనులలో చేయి కలిపితే విద్యావ్యయం చాలా తగ్గుతుందని, లోకజ్ఞానమూ పెరుగుతుందని ఆయన వాదించాడు. లోహశాస్త్రంపై ఉపన్యాసాలు మాత్రమే విన్న విద్యార్థి కంటె, ఖనిజాన్ని త్రవ్వి కరిగించి తన చాకును తానే చేసుకొన్న కుర్రవాడే ముందుంటాడని ఆయన అభిప్రాయం.

అయితే చౌకగా ఇల్లు కట్టడం ఎట్లాగో నేర్పడమే ఆయన ఉద్దేశమని భావించడం పొరపాటు. థోరో వేసిన అసలు లెక్క వేరు. ఏ వస్తువు ఖరీదునైనా డబ్బుతో కాక, దానికి బదులుగా మనం ఇచ్చే ఆయుర్దాయంతో కొలవాలన్నది ఆయన సిద్ధాంతం. కాంకర్డు ప్రాంతంలో సాధారణమైన ఇంటి ఖరీదు ఆనాడు సుమారు 800 డాలర్లు. దినకూలి ఒక డాలరు అనుకొంటే, కుటుంబ భారం లేని కార్మికునికి కూడా ఆ సొమ్ము కూడబెట్టడానికి పది పదిహేనేళ్ళు పడుతుంది. అంటే ఇల్లు చేతికి వచ్చేసరికి అందులో సుఖించవలసిన యౌవనం చేజారిపోతుంది. థోరో తన జీవితంలో ఒక వసంతకాలాన్ని ఇచ్చి ఇల్లు తెచ్చుకొన్నాడు. ఏడాదికి సుమారు ఆరు వారాలు పనిచేస్తే తన పోషణకు సరిపోతుందని ఆయన తేల్చుకొన్నాడు. తక్కిన కాలమంతా చదువుకు, రచనకు, ప్రకృతి పరిశీలనకు మిగిలింది. 1847 సెప్టెంబరు 6 వరకు ఆయన అక్కడ నివసించాడు. నదీయాత్రా గ్రంథం పూర్తిచేసింది ఆ గదిలోనే. ఎన్నుపన్ను చెల్లించక 1846 జూలైలో ఒక రాత్రి చెరసాలలో గడిపింది ఆ ఇంటి నుండి వెళ్ళే. ఆ అనుభవం నుండి పుట్టిన వ్యాసం తరువాతి కాలంలో గాంధీమహాత్ముని ఆలోచనలకు బలం చేకూర్చింది. పోగొట్టుకోవడానికి పెద్ద ఆస్తి లేనివాడు అన్యాయాన్ని కాదనడానికి అంతగా జంకడు.

ఈ పాఠం చెబుతున్నప్పుడు తరగతిలో ఒక విద్యార్థి లేచి, “సార్, ఆయనకు స్థలం ఊరికే వచ్చింది. మాకు ఊరికే ఇచ్చేవారు ఎవరున్నారు సార్?” అని అడిగాడు. ఆ ప్రశ్న న్యాయమైనది. థోరో లెక్కలో భూమి ఖరీదు లేదు. తన కూలీ లేదు. చట్రం నిలబెట్టిన మిత్రుల కూలీ లేదు. పోషించవలసిన భార్యాబిడ్డలు ఆయనకు లేరు. తల్లి ఇల్లు నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉండేది. అంతకంటె ముఖ్యంగా, ఆయనకు చౌకగా దొరికిన పలకలు మొన్నటి వరకు మరొక పేద కుటుంబానికి ఇల్లు. తెల్లవారుజామున మూట మోసుకొని వెళ్ళిన ఆ కుటుంబం తరువాత ఎక్కడ తలదాచుకొన్నదో ఆ పట్టికలో కనిపించదు. ఈ లోపాలను దాచి థోరోను పొగడడం ఆయనకే నచ్చని పని.

తరగతి ముగిసిన తరువాత ఆ విద్యార్థి నా వద్దకు వచ్చి మరొక సంగతి చెప్పాడు. వాళ్ళ అబ్బా దర్జీ. నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి స్లాబు ఇల్లు మొదలుపెట్టారు. కింది భాగం పూర్తయింది. మేడ మీద గది వేయాలని, అందుకోసం కుమారుడు చదువు మాని గల్ఫుకు వెళ్ళాలని ఇంట్లో అనుకొంటున్నారు. నేను అతనికి సలహా ఏమీ ఇవ్వలేదు. ఇవ్వడానికి అర్హత కూడా లేదు. థోరో వలె ఒక పట్టిక వ్రాయమని మాత్రం చెప్పాను. సిమెంటు, ఇనుము, ఇసుక, కూలీ వరుసగా వ్రాయాలి. వాటి కింద వడ్డీ వ్రాయాలి. ఆ మొత్తానికి అబ్బా ఎన్ని రోజులు మిషను తొక్కాలో చివర వ్రాయాలి. వారం తరువాత అతడు ఆ కాగితం తెచ్చి చూపించాడు. చివరి వరుసలో రోజులు కాదు, ఏళ్ళు ఉన్నాయి. ఆ కాగితాన్ని వాళ్ళ అబ్బాకు చదివి వినిపించాడట. ఆయన చాలాసేపు మాట్లాడలేదట. మేడ మీది గది ప్రస్తుతానికి ఆగిపోయింది. అతడు ఈ ఏడు చివరి సంవత్సరం పరీక్షలకు చదువుతున్నాడు.

‘వాల్డెన్’ గ్రంథం 1854లో వెలువడింది. ఇంటి లెక్కలున్న మొదటి అధ్యాయాన్ని థోరో ఎవరి మాటతో ముగించాడో మన ఉర్దూ, పారశీక విద్యార్థులు తెలుసుకొంటే సంతోషిస్తారు. అది షేక్ సాదీ 1258లో రచించిన ‘గులిస్తాన్’లోని ఒక చిన్న కథ. ఫలాలనిచ్చే చెట్లెన్నో ఉండగా, ఏ ఫలమూ ఇవ్వని సరు చెట్టును మాత్రమే ‘ఆజాద్’ అని ఎందుకంటారని ఒక జ్ఞానిని అడుగుతారు. తక్కిన చెట్లు ఋతువును బట్టి ఒకప్పుడు పచ్చగా, ఒకప్పుడు మోడుగా ఉంటాయని, సరు వృక్షం ఎల్లప్పుడూ ఒకే విధంగా ఉంటుందని, అదే స్వేచ్ఛాపరుల లక్షణమని జ్ఞాని వివరిస్తాడు. ఆంగ్లానువాదంలో సాదీని చదువుకొన్న ఆ యువకుడు, షీరాజు నగరపు కవి చెప్పిన ‘ఆజాదీ’ని వాల్డెన్ ఒడ్డున పలకలతో, మేకులతో పరీక్షించి చూశాడని చెప్పవచ్చు.

ఆ ఇల్లు నేడు లేదు. థోరో విడిచి వెళ్ళిన తరువాత అది చేతులు మారి, వేరొక చోటికి తరలింపబడి, ధాన్యపు కొట్టుగా ఉపయోగపడి, 1868లో విప్పివేయబడింది. 1945లో త్రవ్వకాలు జరిపినప్పుడు పొగగొట్టపు పునాది బయటపడింది. ఇప్పుడు అక్కడ సందర్శకుల కోసం నమూనా ఇల్లు ఒకటి ఉన్నది. పలకలు పోయినా పట్టిక మిగిలింది.

విద్యార్థి మిత్రులారా! మనలో ప్రతి ఒక్కరూ ఒకనాడు ఇల్లు కట్టేవారమే. ఆనాడు మేస్త్రీని పిలవడానికి ముందు ఒక కాగితం తీసుకొని, ఈ ఇంటికి నా ఆయుష్షులో ఎన్నేళ్ళు ఇస్తున్నాను, నా ఇంటివారి ఆయుష్షులో ఎన్నేళ్ళు తీసుకొంటున్నాను అని వ్రాసుకోండి. కళాశాల పాలకవర్గం వారికి కూడా ఒక మనవి. విద్యార్థుల వసతికి ఎప్పుడు ఏమి కట్టించినా, థోరో వలె దాని ఖర్చును వస్తువారీగా వ్రాసి ప్రకటన ఫలకం మీద ఉంచగలరని ఆశిస్తున్నాను. తాను ఉంటున్న గదికి ఎంత ఖర్చయిందో, తన అద్దె ఎందుకంత ఉన్నదో తెలుసుకొన్న విద్యార్థి, అర్థశాస్త్రంలోని మొదటి పాఠాన్ని గ్రంథం తెరవకముందే నేర్చుకొన్నవాడవుతాడు.