నూతన వాహన క్రయమున డీలరు స్థానము

మోటారు వాహనము ఒక చోట నిర్మింపబడును. మరియొక చోట విక్రయింపబడును. ఈ రెంటి నడుమ నిలిచి వ్యవహారమును నడుపు వర్తకునికి డీలరు అని పేరు. ఈ పదమునకు బదులుగా తెలుగున కొందరు ‘విక్రేత’ అనియు, కొందరు ‘ప్రతినిధి’ అనియు వ్రాయుచున్నారు. ఈ రెండు మాటలకును అర్థము ఒక్కటి కాదు. విక్రేత తన సొత్తును తాను అమ్ముకొనువాడు. ప్రతినిధి ఒరుల సొత్తును ఒరుల పక్షమున అమ్మువాడు. డీలరు ఈ ఇరువురిలో ఎవ్వడు అను ప్రశ్న నిఘంటువునకు మాత్రమే చెందినది కాదు. కొన్న బండిలో లోపము బయటపడిన నాడు ఎవ్వరిని నిలదీయవలయునో, చెల్లించిన ధనము ఎవ్వరికి చేరినదో తెలియుట ఈ ప్రశ్నకు వచ్చు సమాధానముపైననే ఆధారపడి యున్నది.

విరుదునగరు జిల్లాలో, పడమటి కనుమల పాదమున, మదురై నుండి కొల్లమునకు పోవు రాజమార్గముపై నున్న రాజపాళయమున ఈ ప్రశ్నకు మరికొంత బరువు కలదు. 1936లో పి. ఎ. సి. రామస్వామి రాజా గారు రాజపాళయము మిల్సును స్థాపించిరి. దూదిని తెచ్చుటకును, నూలును కొనిపోవుటకును మోటారు వాహనములు కావలసిన ఊరు ఇది. ఇచ్చటి తెలుగు కుటుంబములలో ఇంట తెలుగు, వీధిలో తమిళము. సంతకము చేయవలసిన కాగితము మాత్రము ఇంగ్లీషున నుండును. బండి కొను దినమున ఈ మూడు భాషలును ఒక్క మేజా చుట్టును చేరును. బేరము తమిళమున సాగును, ఆలోచన తెలుగున సాగును, ఒడంబడిక ఇంగ్లీషున ముగియును. మూడింటిలో చదువబడక పోవునది సాధారణముగా కడపటిదే.

చెన్నపట్టణమున మోటారు వ్యాపారము మొదట చేపట్టినవారిలో పాత బండ్ల కర్మాగారముల వారును కలరు. 1840లో ఏర్పడిన సింప్సన్ కంపెనీ గుర్రపు బండ్లను కట్టుచుండి, 1903 నాటికి ఆవిరి కారునే నిర్మించెను. దక్షిణమున మదురైలో టి. వి. సుందరం అయ్యంగారు 1911లో బస్సులు నడుపుటకు ఆరంభించి, పిమ్మట జెనరల్ మోటార్స్ వారి వాహనముల విక్రయమును చేపట్టిరి. బండి నడిపినవారే అమ్మకమునకు దిగుటచే, మరమ్మతు తెలియని వాడు అమ్మరాదను సంప్రదాయము ఈ ప్రాంతమున వేరూనినది. నేటికిని మంచి డీలరును గుర్తించుటకు షోరూము అద్దములకంటె వెనుకనున్న మరమ్మతుశాలయే నమ్మదగిన గుర్తు.

స్వాతంత్ర్యానంతరము కథ మారినది. హిందుస్థాన్ మోటార్స్ (1942), ప్రీమియర్ ఆటోమొబైల్స్ (1944), చెన్నపట్టణపు స్టాండర్డ్ మోటార్స్ (1948) – ఈ మూడే ప్రధానముగా కార్లు చేయు సంస్థలుగా నుండెను. కోరువారు ఎక్కువ, కార్లు తక్కువ. 1959లో కేంద్ర ప్రభుత్వము కార్ల పంపిణీని, విక్రయమును నియంత్రించుచు ఉత్తరువు జారీ చేసెను. ఆ దినములలో డీలరు పని అమ్ముట కాదు. పేర్ల పట్టికను కాపాడుట. కొనువాడు సొమ్ము కట్టి సంవత్సరముల తరబడి వేచియుండెడి వాడు. 1983 డిసెంబరు 14న మారుతి తొలి కారు తాళపుచెవులు ఇందిరాగాంధీ చేతిమీదుగా ఇయ్యబడినది. 1998లో శ్రీపెరుంబుదూరున హుందాయ్ కర్మాగారము కార్లు పంపనారంభించినది. అప్పటినుండి వేచియుండు వంతు క్రమముగా కొనువానినుండి అమ్మువానికి మారినది. ఐనను పాత తరమువారిలో డీలరు ఎదుట ప్రార్థించు వైఖరి ఇంకను పోలేదు. కారు దొరకుటయే భాగ్యమని తలచువాడు లెక్క అడుగుటకు మొగమాటపడును.

ఇక చట్టము మాటకు వత్తము. కంపెనీకిని డీలరుకును నడుమనుండు ఒడంబడిక చాలవరకు యజమాని–యజమాని సంబంధమే. డీలరు కంపెనీవద్ద బండిని తన ధనముతోనో, బ్యాంకు అప్పుతోనో కొని, తన సరకుగా మనకు అమ్మును. దీని ఫలితమును 2021 ఫిబ్రవరిలో సుప్రీము కోర్టు ఇచ్చిన ఒక తీర్పున చూడవచ్చును. గోవాలో ఒకరు 2011 నమూనా కారునకు ధర చెల్లింపగా డీలరు 2009లో తయారై, అప్పటికే 600 కిలోమీటర్లకు పైగా తిరిగిన కారును అంటగట్టెను. క్రింది వినియోగదారుల న్యాయస్థానములు డీలరుతోబాటు టాటా మోటార్స్ సంస్థను కూడ బాధ్యురాలిని చేసెను. సుప్రీము కోర్టు దానిని అంగీకరింపలేదు. డీలరు చేసిన మోసము కంపెనీకి తెలిసి జరిగినదని ఋజువు చేయనిదే కంపెనీని పట్టరాదని తీర్మానించెను. తయారీలోని లోపమునకు కంపెనీయే ఉత్తరవాది. అమ్మకములోని లోపమునకు డీలరు ఉత్తరవాది. గుమ్మముపై నున్న పెద్ద పేరును చూచి ధనమిచ్చువారు, రసీదు క్రింద నున్న చిన్న పేరును కూడ చదువుట ఇందుకే అవసరము.

దీనికి భిన్నమైన పద్ధతియు కలదు. 2021లో మెర్సిడెస్ బెంజ్ కంపెనీ భారతదేశమున కార్లను తానే నేరుగ అమ్మ నారంభించి, డీలర్లకు ప్రతిఫలము మాత్రమిచ్చు ఏర్పాటు చేసినది. అచ్చట డీలరు నిజముగా ప్రతినిధి. కృష్ణగిరి జిల్లాలో విద్యుత్ స్కూటర్లు చేయు ఓలా సంస్థ ప్రధానముగా సొంత అంగళ్ళలో అమ్ముచున్నది. అమెరికాలో దీనికి విరుద్ధముగా అనేక రాష్ట్రముల చట్టములు కంపెనీ నేరుగ అమ్ముటను నిరోధించి డీలరును రక్షించుచున్నవి.

కొనువానికి అన్నిటికంటె తికమక కలిగించునది ‘ఆన్ రోడ్ ధర’ అను ఒకే అంకె. ఈ అంకెలో నలుగురికి చెల్లవలసిన సొమ్ము కలిసి యుండును. ఉదాహరణకు షోరూము ధర 8,00,000 రూపాయలు గల చిన్న కారును తీసికొందము. 2025 సెప్టెంబరు 22 నుండి చిన్న కార్లపై వస్తు సేవల పన్ను 18 శాతమునకు తగ్గినది. పెద్ద కార్లపై 40 శాతముగా నిర్ణయింపబడినది. కావున ఆ ఎనిమిది లక్షలలో సుమారు 1,22,000 రూపాయలు అప్పటికే పన్నుగా చేరియున్నది. దానిపై తమిళనాడు జీవితకాలపు రోడ్డు పన్ను కలదు. 2023 సవరణ ననుసరించి 5 లక్షలకు మించి 10 లక్షలలోపు కారునకు ఇది 13 శాతము, అనగా ఈ కారునకు 1,04,000 రూపాయలు. ఈ రెండును ప్రభుత్వమునకు చేరునవి. డీలరు వసూలుదారుడు మాత్రమే. వీనిలో బేరమునకు తావు లేదు.

బీమా అటువంటిది కాదు. 2018 సెప్టెంబరు 1 నుండి కొత్త కారునకు మూడు సంవత్సరముల, రెండు చక్రముల బండికి ఐదు సంవత్సరముల మూడవ పక్షపు బీమా తప్పనిసరి యైనది. బీమా తప్పనిసరియే గాని డీలరు చూపిన కంపెనీవద్దనే తీసికొనవలెనను నియమము లేదు. 2017లో బీమా నియంత్రణ సంస్థ డీలర్లు బీమా అమ్ముటకు నియమములు ఏర్పరచినది. డీలరు అచ్చట బీమా కంపెనీ పక్షమున ప్రతిఫలము పొందు మధ్యవర్తి. అప్పు విషయమును ఇట్టిదే. షోరూములో కూర్చుండిన బ్యాంకు ఉద్యోగి చెప్పు వడ్డీని, తనకు ఖాతా యున్న బ్యాంకు వడ్డీతో పోల్చుకొనక సంతకము చేయుట వట్టి తొందరపాటు. ఇక పూతలు, చాపలు, పొడిగించిన వారంటీ, ‘హ్యాండ్లింగు ఛార్జీ’ మున్నగునవి పూర్తిగా డీలరు ఖాతాలోనివి. బండి అమ్మకముపై మిగులు స్వల్పము గావున, డీలరు తన లాభమును బీమాలో, అప్పులో, సామగ్రిలో, సర్వీసులో వెదకికొనును. ఇది నేరము కాదు, వ్యాపారము. కొనువాడు కోరవలసినది ఒక్కటే: ఒకే అంకెను గాక, నాలుగు ఖాతాలను వేర్వేరుగ వ్రాసి ఇమ్మనుట. అమెరికాలో 1958 నాటి చట్టము ప్రతి కొత్త కారు అద్దముపై ధరను విడదీసి అంటింపవలెనని శాసించినది. మన దేశమున అట్టి చీటీ లేదు గనుక అడిగి వ్రాయించుకొనవలసి యున్నది.

తగ్గింపుల సంగతి విచిత్రమైనది. తమిళదేశమున ఆడి మాసమున శుభకార్యములు చేయరు, బండ్లును కొనరు. మన తెలుగు కుటుంబములును ఈ ఆచారమునే పాటించును. డీలరు గోదాములో సరకు నిలిచి, బ్యాంకు వడ్డీ పెరుగుచుండును. అందుచే ఆడి తగ్గింపులు పుట్టినవి. ఆయుధపూజ వచ్చునప్పటికి కొనువారు బారులు తీరుదురు, తగ్గింపు కరగును. డిసెంబరులో మరల తగ్గింపు వచ్చును. ఐతే అప్పుడు కొన్న కారునకు మరుసటి నెలకే ఒక సంవత్సరపు వయస్సు వచ్చును, తిరిగి అమ్మునప్పుడు ఆ తగ్గింపులో కొంత పోవును. పది సంవత్సరములు ఉంచుకొనువానికి డిసెంబరు మేలు. మూడు సంవత్సరములకే మార్చువానికి కాదు. డీలరు ఇచ్చు తగ్గింపు సదా అతని ఇష్టము కూడ కాదు. 2021 ఆగష్టులో పోటీ కమిషను మారుతి సుజుకీ సంస్థపై 200 కోట్ల రూపాయల జరిమానా విధించినది. డీలర్లు నిర్ణీత పరిమితికి మించి తగ్గింపు ఇయ్యకుండ, కొనువారి వేషమున మనుష్యులను పంపి కంపెనీ కనిపెట్టించుచుండెనని కమిషను తేల్చినది. కంపెనీ దానిపై అప్పీలు చేసినది.

నమోదు విషయమున డీలరుకు చట్టమే ఒక పనిని అప్పగించినది. మోటారు వాహనముల చట్టమునకు 2019లో వచ్చిన సవరణ ప్రకారము, డీలరు ఉన్న రాష్ట్రముననే నమోదగు కొత్త వాహనమునకు దరఖాస్తు చేయవలసినవాడు డీలరే. నమోదు సంఖ్య అమర్చనిదే బండిని అప్పగింపరాదు. అదే సవరణచే రాష్ట్రములోని ఏ నమోదు అధికారి వద్దనైనను నమోదు చేయవచ్చును గనుక, మదురైలో కొన్న రాజపాళయవాసికి పూర్వపు చిక్కు తగ్గినది. కాగితములలో 21వ నమూనా, అనగా విక్రయ పత్రము, అత్యంత ముఖ్యమైనది. తయారైన నెలయు సంవత్సరమును అందు ఉండును. దానిలోని చాసిస్ సంఖ్యను బండిపై చెక్కిన సంఖ్యతో, ముందుగా కట్టిన సొమ్మునకు ఇచ్చిన రసీదుతో సరిచూచి, తిరిగిన కిలోమీటర్లను చదివి, ఆ పిమ్మటనే చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టుట మేలు. గోవావాసి కథ ఈ ఐదు నిమిషముల పనితో మొదటనే తేలియుండెడిది.

డీలరు కష్టములను కూడ చెప్పకపోవుట న్యాయము కాదు. 2017లో జెనరల్ మోటార్స్ భారతదేశమున అమ్మకములు మానినది. 2021 సెప్టెంబరులో ఫోర్డ్ సంస్థ మరైమలై నగరు, సానంద్ కర్మాగారములలో తయారీని ఆపుదునని ప్రకటించినది. కోట్ల రూపాయల షోరూములు కట్టిన డీలర్లు ఒక్క ప్రకటనతో వీధిన పడిరి. అమెరికాలో 1956 నుండియే కంపెనీపై డీలరు వ్యాజ్యము వేయుటకు ప్రత్యేక చట్టము కలదు. ఇచ్చట వారికి ఒడంబడికయే దిక్కు. డీలరు మూతపడినప్పుడు కంపెనీ ఇచ్చిన వారంటీ నిలుచును. డీలరు సొంతముగా అమ్మిన సర్వీసు పథకములకు ముందుగా కట్టిన ధనము మాత్రము వెనుకకు వచ్చుట కష్టము.

వివాదము వచ్చినచో డీలరు ఉన్న ఊరికే పోనక్కరలేదు. 2020 జూలైలో అమలునకు వచ్చిన కొత్త వినియోగదారుల రక్షణ చట్టము, కొనువాడు తాను నివసించు జిల్లాలోని కమిషను ఎదుటనే ఫిర్యాదు చేయుటకు హక్కు నిచ్చినది. 50 లక్షల రూపాయలలోపు ధర చెల్లించిన వస్తువులు జిల్లా కమిషను పరిధిలోనివి. వ్యాపారమునకై కొన్న లారీల వరుసకు ఈ మార్గము లేదు; తన ఒక్క లారీని తానే నడుపుకొని జీవించువానికి కలదు. విక్రయ పత్రము, రసీదులు, విడదీసిన లెక్క, డీలరు పంపిన సందేశములు – ఈ నాలుగును ఒక్క సంచిలో భద్రపరచుకొన్నవానికి అచ్చట పని సులువగును.