దారిలో టైరు చెడిన వేళ

విద్యార్థులారా! మన నస్పూరునందు వేకువజామున మేల్కొనువారికి కోడికూతకన్న ముందుగా వినవచ్చునది మొదటి షిఫ్టునకు పోవు మోటారుసైకిళ్ల మ్రోత. శ్రీరాంపూరు గనులకును, జైపూరు విద్యుత్కేంద్రమునకును, మంచిర్యాల అంగళ్లకును పోవువారు వేలకొలది కలరు. మీలో ననేకుల తండ్రులు 63వ నంబరు జాతీయ రహదారిమీదనో, గోదావరి వంతెన దాటి గోదావరిఖనికి పోవు త్రోవమీదనో, బొగ్గు లారీల నడుమ, రెండు చక్రములపై ప్రతిదినము పోయి వచ్చుచున్నారు. ఆ బండికిని నేలకును గల సంబంధ మంతయు రెండు చోటులనే యున్నది. ఒక్కొక్క చోటు మన అరచేయి యంతటిది మాత్రమే. ఆ రెండింటిలో నొకటి తప్పినచో ఏమగునో, అప్పు డేమి చేయవలెనో, అట్లు తప్పకుండుటకు ముందుగా నేమి చేయదగునో యీ వ్యాసమున విన్నవించెదను. ఇది పుస్తకమున చదివి మాత్రమే వ్రాయుచున్న మాట కాదు.

2024వ సంవత్సరము మే నెలలో మా అన్నగారిని కంటిపరీక్షకై కరీంనగరమునకు నా మోటారుసైకిలుపై తీసికొనిపోవుచుంటిని. ఆయన భూగర్భగనిలో సర్దారుగా పని చేసి విరమించినవారు. రాజీవ్ రహదారిపై పెద్దపల్లి దాటితిమి. సుల్తానాబాదు ఇంకను రాలేదు. పదిగంటల వేళకే నిప్పులు చెరుగు ఎండ. ఉన్నట్లుండి బండి వెనుకభాగము పాము నడకవలె అటు నిటు పోసాగెను. వెనుక నొక లారీ వచ్చుచుండెను. నా కుడికాలు తనంతట తానే బ్రేకుమీదికి పోయినది. దానిని తొక్కియుంటినేని ఈ వ్యాసము వ్రాయుటకు నే నుండెడివాడను కానేమో! ఏ దైవప్రేరణచేతనో కాలు వెనుకకు తీసికొని, పిడులను గట్టిగా పట్టుకొని, పెట్రోలు తగ్గించితిని. మా అన్నగారు రాతిబొమ్మవలె కదలక కూర్చుండిరి. బండి తనంతట తాను నెమ్మదించి, ఎడమ అంచును చేరి నిలిచినది. లారీ ప్రక్కనుండి పోయినది.

మా అన్నగారు చెమట తుడుచుకొని, వంగి చక్రమును చూచి అన్నమాట యిది: “గనిల దిగేముందు రోజూ పైకప్పు తట్టి చూస్తం తమ్మీ. బండి ఎక్కేముందు చక్రం చూడవైతివా?” ఆ ప్రశ్నకు నాయొద్ద సమాధానము లేకుండెను. టైరు పగుళ్లు వారియున్నదని నే నెఱుగుదును. దసరా పోయిన పిదప మార్చుదమని ఒకసారియు, బడులు మూసిన పిదప మార్చుదమని మఱియొకసారియు వాయిదా వేసితిని. లోపము నాదే కాని మఱెవ్వరిది కాదు.

ఇక విషయమునకు వత్తము. గాలి నింపిన టైరును మొట్టమొదట ఊహించి 1845లో పేటెంటు పొందినవాడు స్కాట్లండు దేశీయుడగు రాబర్టు విలియం థామ్సను. అది ఆనాడు ప్రచారమునకు రాలేదు. 1888లో బెల్ఫాస్టు నగరమున పశువైద్యుడుగా నుండిన జాన్ బాయిడ్ డన్లప్ తన కుమారుని మూడుచక్రముల బండి రాళ్లదారిలో కుదుపుచుండుట చూచి, రబ్బరు గొట్టమునందు గాలి నింపి చక్రమునకు చుట్టెను. అప్పటినుండి గాలిటైరు లోకమంతట వ్యాపించినది. కావున ఒక తండ్రి తన బిడ్డ సుఖముకొఱకు చేసిన పనినుండి యీ వస్తువు వచ్చినదని మనము జ్ఞాపక ముంచుకొనవలెను.

టైరు నల్లగా నుండుటకు కారణమేమని మన బొగ్గుగనుల బాలురు తప్పక అడుగుదురు. సహజమైన రబ్బరు నల్లనిది కాదు. తొలినాటి టైరులు తెల్లగానే యుండెను. తరువాత ‘కార్బన్ బ్లాక్’ అనబడు సన్నని మసిని కలిపినచో రబ్బరు మిక్కిలి దృఢమై, త్వరగా అఱుగకుండునని తెలిసినది. ఇది బొగ్గును దంచి చేసిన పొడి కాదు. పెట్రోలియమునుండియో, బొగ్గుతారునుండియో వచ్చు చిక్కని నూనెలను చాలీచాలని గాలిలో మండించి యీ మసిని పట్టుదురు. ఈ మసి సూర్యకాంతిలోని హాని చేయు కిరణములను గూడ కొంత ఆపును. అయినను ఎండయు, గాలియందలి ఓజోనును సంవత్సరముల తరబడి పనిచేయగా రబ్బరు బిరుసెక్కి, ప్రక్కలందు సన్నని పగుళ్లు పుట్టును. అందుచేత కొద్దిగా తిరిగిన టైరైనను ముసలిది కావచ్చును.

టైరు చెడుటకు మేకు ఒక కారణము మాత్రమే. అంతకన్న పెద్ద శత్రువు వేడిమి. ఆ వేడిమికి ముఖ్యకారణము తక్కువ గాలి. మోటారుసైకిలు చక్రము చుట్టుకొలత సుమారు 1.9 మీటర్లనుకొందము. గంటకు 60 కిలోమీటర్ల వేగమున బండి నిమిషమునకు 1000 మీటర్లు పోవును. అనగా చక్రము నిమిషమునకు 500 సార్లకు పైగా తిరుగును. టైరులోని ప్రతి భాగమును నేలను తాకినప్పుడెల్ల వంగి, విడిచినప్పుడెల్ల మఱల నిక్కును. ఒక తీగను పలుమాఱు వంచి చూడుడు; వంచినచోట వేడియగును గదా! టైరునకును అట్లే జరుగును. ఒక చక్రముపై 100 కిలోల బరువు, అనగా 220 పౌనులు, ఉన్నదనుకొనుడు. చదరపు అంగుళమునకు 28 పౌనుల గాలి యున్నచో నేలను తాకు చోటు సుమారు 8 చదరపు అంగుళములు. గాలి సగమైనచో ఆ చోటు ఇంచుమించు రెట్టింపగును. అప్పుడు టైరు ప్రక్కలు మిక్కిలిగా వంగును, మిక్కిలిగా వేడెక్కును, లోపలి నూలుపొరలు విడిపోవును. తుదకు పగులును.

వేసవిలో గాలి వ్యాకోచించును గనుక తక్కువ గాలి పెట్టించవలెనని మనలో ననేకులు నమ్ముదురు. ఇది పొరపాటు. లెక్క వేసి చూతము. ఉదయమున 27 డిగ్రీల సెంటిగ్రేడు, అనగా 300 కెల్విను, ఉష్ణోగ్రతయందు టైరులో 28 పౌనులున్నవి. వాతావరణపీడనము 14.7 కలుపగా మొత్తము 42.7. ప్రయాణమున టైరు లోపలి గాలి 57 డిగ్రీలకు, అనగా 330 కెల్వినులకు, వేడెక్కినదనుకొందము. ఘనపరిమాణము మాఱనప్పుడు పీడనము కెల్విను ఉష్ణోగ్రతను బట్టి పెరుగునని గేలూసాక్ నియమము చెప్పుచున్నది. కావున మొత్తము పదవవంతు పెరిగి సుమారు 47 అగును, అందు 14.7 తీసివేయగా 32కు కొంచెము పైన. పెరిగినది నాలుగు పౌనులు మాత్రమే. నిర్మాత లీ పెరుగుదలను ముందే లెక్కించి కొలత నిర్ణయింతురు. కాబట్టి బండిపై అంటించిన చీటిలోనో, బండితో నిచ్చిన పుస్తకములోనో చెప్పిన కొలతనే, టైరు చల్లగా నున్నప్పుడు, అన్ని ఋతువులందును ఉంచవలెను. వెనుక నింకొకరు కూర్చుండునప్పుడు వెనుకచక్రమునకు ఎంత హెచ్చించవలెనో గూడ అందే యుండును.

టైరులు రెండు విధములు. లోపల వేఱుగా ట్యూబు గలవి, ట్యూబు లేనివి. కమ్ముల చక్రములలో కమ్మి దూఱిన ప్రతి రంధ్రమునుండియు గాలి పోవును గనుక వానికి సాధారణముగా ట్యూబు కావలెను. ట్యూబునందు మేకు దిగినప్పుడు చీలిక పెద్దదై, గాలి టైరు లోపలికి వచ్చి, ఆ రంధ్రములగుండ క్షణములలో పోవచ్చును. ట్యూబు లేని టైరునందు రబ్బరు మేకునే బిగించి పట్టుకొనును గనుక గాలి మెల్లగా తగ్గును; నడుపువానికి నిలుపుకొన వ్యవధి యుండును. నా బండిది ట్యూబు చక్రము.

ఇప్పుడు ముఖ్యమైన మాట. నడుచుచుండగా గాలి పోయినదని యెట్లు తెలియును? ముందుచక్రమైనచో పిడి బరువెక్కి, ప్రక్కకు లాగి, వణకును. వెనుకచక్రమైనచో పిడి నిలుకడగానే యుండి, కూర్చున్నచోటు ప్రక్కలకు ఊగును. ఏదైనను మొదటి ధర్మము ఏమియు తొందరపడి చేయకుండుట. పిడులను రెండుచేతులతో గట్టిగా పట్టుకొని బండిని నిటారుగా, తిన్నగా పోనీయవలెను. పెట్రోలును మెల్లగా తగ్గించవలెను. గేర్లు ఒక్కసారిగా దించరాదు. గాలి పోయిన చక్రమునకు బ్రేకు వేయరాదు. వేసినచో టైరు అంచు చక్రపుగాడినుండి జారును, బండి పడును. తప్పనిసరియైనచో మంచి చక్రపు బ్రేకును మాత్రము సున్నితముగా నొక్కవలెను. ముందుచక్రము చెడినచో శరీరభారమును కొంచెము వెనుకకును, వెనుకచక్రము చెడినచో ముందునకును జరుపుట మంచిది. వెనుక కూర్చున్నవారు కదలరాదు, కాలు నేలకు చాపరాదు, కేకలు వేయరాదు. మీలో ననేకులు తండ్రి వెనుక కూర్చుండువారే గనుక ఈ మాట ప్రత్యేకముగా మీకే చెప్పుచున్నాను. ఆనాడు మా అన్నగారు కదలియుండినచో నా నేర్పు ఏమియు పనికి రాకపోయెడిది.

వేగము తగ్గినపిదప ఎడమదీపము వెలిగించి, వెనుకవారిని చూచుకొని, త్రోవ అంచు దాటి నిలుపవలెను. వంపునందును, వంతెనపైనను నిలుపుట అపాయకరము. కొంచెము దూరము నడిపించుకొని పోవుట మేలు. మనుష్యులు బండికి ఎడమవైపున, వాహనములు పోవు భాగమునకు దూరముగా నిలువవలెను. బండి వెనుకనే కూర్చుండి చక్రమును చూచువారు లారీల పాలగుదురు. రాత్రివేళ దీపములు వెలుగుచుండనిండు. దెబ్బ తగిలినచో 108 నంబరునకో, 112 నంబరునకో ఫోను చేయవలెను. జాతీయ రహదారిపై సహాయమునకు 1033 నంబరు కలదు.

ట్యూబు లేని టైరైనచో చేతిసామానుతో అక్కడనే బాగుచేసికొనవచ్చును. మేకును వెంటనే పెరికివేయరాదు. సామాను సిద్ధము చేసికొని, చోటు గుఱుతించి, అప్పుడు తీయవలెను. గరుకు సూదితో రంధ్రమును శుభ్రపఱచి, జిగురు పూసిన రబ్బరు పట్టీని సూదికి ఎక్కించి లోపలికి దూర్చి, సూదిని లాగి, పైకి మిగిలినదానిని కోసి, గాలి పట్టించి, సబ్బునీరు రాచి చూడవలెను. బుడగలు రాకున్న పని ముగిసినది. కాని రంధ్రము నేలను తాకు భాగమున నున్నప్పుడే యీ వైద్యము. ప్రక్కభాగము చినిగినచో టైరు మార్చుటే దారి. ట్యూబైనచో చక్రమును విప్పి, ట్యూబును నీళ్లతొట్టిలో ముంచి, బుడగలు వచ్చుచోటు పట్టి, గరుకుకాగితముతో గీకి, సొల్యూషను పూసి, అది ఆఱువఱకు ఓపికపట్టి, అతుకు వేయవలెను. తొందరపడి తడిగా నుండగనే వేసిన అతుకు మఱుదినమే ఊడును. అతుకు వేయుటకు ముందు టైరు లోపలి భాగమును చేతితో తడిమి చూడని పంక్చరువాడు మంచి పనివాడు కాడు. అదే మేకు మఱల గ్రుచ్చుకొనును.

మాకు దొరకిన పనివాడు మంచివాడు. అతడు టైరును విప్పి, ప్రక్కన నున్న అంకెలు చదివెను: 3116. కడపటి రెండంకెలు సంవత్సరమును, మొదటి రెండు వారమును తెలుపును. అనగా 2016వ సంవత్సరము 31వ వారమున చేసిన టైరు, దాదాపు ఎనిమిదేండ్లది! లోపలి నూలుపొర పైకి తేలి ట్యూబును ఒరసి ఒరసి చించినది. మేకు లేనే లేదు. నా అలసత్వమే మేకు.

కావున మీకు నేను చెప్పునది యింతే. పదునెనిమిదేండ్లు నిండక, లైసెన్సు లేక, మీరు గేర్లు గల మోటారుసైకిలు నడుపరాదు. కాని చూచుటకు లైసెన్సు అక్కఱలేదు. ఆదివారమున ప్రార్థనకు పోకముందు మీ తండ్రిగారి బండి చక్రములు చల్లగా నున్నప్పుడు, గాలి కొలుచు చిన్న గడియారముతో కొలువుడు. టైరు గాళ్లలో మేకులు, రాళ్లు ఉన్నవేమో చూడుడు. గాళ్ల లోతు ద్విచక్రవాహనములకు 0.8 మిల్లీమీటరుకన్న తక్కువ కారాదని మోటారువాహన నియమములు చెప్పుచున్నవి. గాడి అడుగున చిన్న మిట్టలు గుఱుతులుగా నుండును, టైరు వాని మట్టమునకు అఱిగినచో మార్చవలెను. ప్రక్కలను వంచి పగుళ్లు చూడుడు. నాలుగంకెలు చదువుడు. ఐదేండ్లు మీఱినచో పనివానికి చూపుమని తండ్రిగారితో చెప్పుడు. శిరస్త్రాణము మఱచినచో అందిండు.

గనిలో పైకప్పును కఱ్ఱతో తట్టి, దాని ధ్వని విని, గట్టిదో గుల్లదో తెలిసికొనిన పిదపనే కార్మికులను లోపలికి పంపుదురు. నిన్న నిలిచిన కప్పు నేడును నిలుచునని ఎవ్వరును అనుకొనరు. మా అన్నగారు ముప్పదియేండ్లు ఆ పని చేసిరి. ఇప్పుడు ఆదివారము ఉదయమున మా యింటికి వచ్చి, పలుకరింపక మునుపే, చేతికఱ్ఱతో నా బండి చక్రములను రెండింటిని తట్టి, చెవియొగ్గి వినుచుందురు. అట్లు తట్టుటవలన టైరు సంగతి అంతగా తెలియదని నేను చెప్పితిని. “నీ సంగతి తెలుస్తది తమ్మీ” అని ఆయన నవ్వెను. ఆయన వచ్చుటకు ముందే గాలి కొలిచి యుంచుట నాకు అలవాటైనది.