ఎడారి కీచురాయి ఏం తింటుంది? ఎలా కనిపెడతారు?

2023 వేసవిలో అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో ఎల్కో అనే ఊరి మీదికి లక్షల కొద్దీ పురుగులు వచ్చి పడ్డాయి. గోడల నిండా అవే. రోడ్ల మీద బండ్ల కింద నలిగి, టైర్లు జారిపోయేంత జిగురు. వీటిని మోర్మన్ క్రికెట్ అంటారు. పేరుకి కీచురాయే గానీ నిజానికి కేటిడిడ్ అనే పురుగుల కుటుంబానిది. ఎగరలేదు, నడిచే పోతుంది. 1848లో సాల్ట్ లేక్ లోయలో కొత్తగా స్థిరపడ్డవాళ్ల పంటల మీద పడ్డవీ ఇవే.

నెవాడా, యూటా ప్రాంతాలు పొడి నేలలు. సేజ్‌బ్రష్ తుప్పలు, అక్కడక్కడా గడ్డి, అంతే. మరి ఇవి ఏం తిని బతుకుతాయి? ఇది తెలిస్తేనే పంటని కాపాడుకునే దారి దొరుకుతుంది.

పురుగుని అడగలేం కదా! అందుకే దాని కడుపులో ఉన్నదీ, రెట్టా చూస్తారు. ఆకు పైపొర పూర్తిగా అరగదు. ఒక్కో మొక్క పైపొర అల్లిక, నూగు ఒక్కో తీరు. ముందు ఆ చోట దొరికే మొక్కలన్నీ తెచ్చి, వాటి పైపొరలను అద్దపు పలకల మీద పెట్టుకుంటారు. తర్వాత రెట్టలోని ముక్కలను మైక్రోస్కోపులో చూసి పోలుస్తారు. ఇప్పుడు డీఎన్‌ఏ పరీక్ష కూడా వచ్చింది. అయితే ఒక చిక్కుంది. లేత ఆకులు త్వరగా అరిగిపోతాయి కాబట్టి లెక్కలో తక్కువగా కనబడతాయి. అందుకే రకరకాల మేత ముందు పెట్టి, ఏది తింటుందో కూడా చూస్తారు.

ఇలా చూస్తే తేలింది ఏమిటంటే, ఇవి గడ్డి కంటే వెడల్పాకుల మొక్కలు, పూలు, గింజలు ఎక్కువ ఇష్టపడతాయి. చచ్చిన పురుగులనూ వదలవు.

2006లో వెలువడిన ఒక అధ్యయనం కోసం కొందరు శాస్త్రవేత్తలు నడుస్తున్న దండు దారిలోనే గిన్నెలు పెట్టారు. ఒకదాంట్లో మాంసకృత్తులు, ఇంకోదాంట్లో పిండిపదార్థం, ఇలా వేరువేరుగా. పురుగులు మాంసకృత్తుల గిన్నె మీదికే ఎగబడ్డాయి. ఉప్పు కోసం కూడా. మాంసకృత్తులు కడుపునిండా దొరికిన పురుగుల నడక తగ్గింది. అంటే దండుని నడిపించేది ఈ రెండింటి కొరతే. పైగా ఆగితే వెనకున్నది కొరికి తినేస్తుంది! పక్కదాని ఒంట్లోనూ ఉప్పు, మాంసకృత్తులు ఉన్నాయి మరి.

2020లో మిడతల దండు మహారాష్ట్ర దాకా వచ్చినప్పుడు మన తెలంగాణ సరిహద్దు జిల్లాల్లోనూ జాగ్రత్తగా ఉండమన్నారు, గుర్తుందా? ఆ మిడత వేరే జాతి. కానీ ప్రశ్న మాత్రం అదే: దీని ఆకలి దేనికోసం? దండు ఎటు కదులుతుందో అంచనా వేయాలంటే ముందు ఇదే తెలియాలి.