గెలుపోటముల లెక్క, ఆటలోని సరదా

రాత్రి పదిన్నర. మర్నాడు పొద్దున్నే కాలేజీ. "ఒక్క ఆటే" అనుకుని ఫోనులో చదరంగం తెరిచారు. ఓడిపోయారు. మీ పేరు పక్కనున్న 1512 కాస్తా 1503 అయింది. పోయిన 9 పాయింట్లు రాబట్టుకోవాలని మళ్ళీ ఆడారు. మళ్ళీ ఓటమే. వరసగా ఐదు ఆటలు ఓడి, పన్నెండు గంటలకు ఫోను పక్కన పడేసేసరికి ఆ అంకె 1468 దగ్గర ఆగింది. "నాకీ ఆట రాదు. ఇక ఆడను" అనుకుంటూ పడుకున్నారు.

ఈ అనుభవం మీకుంటే ఒక్క క్షణం ఆగండి. ఆ అంకె ఎలా పుడుతుందో, అది ఏం చెబుతుందో, ఏం చెప్పదో తెలిస్తే మీ బాధలో సగానికి పైగా తీరిపోతుంది. మిగిలిన సగం సంగతి తరువాత చూద్దాం.

అంకె వెనుక ఒక భౌతిక శాస్త్ర ఆచార్యుడు

ఈ అంకెను రేటింగ్ అంటాం. దీనికి ఇప్పటి రూపం ఇచ్చినవారు అర్పాద్ ఎలో. 1903లో హంగేరీలో పుట్టి, చిన్నతనంలోనే అమెరికా చేరి, మిల్వాకీ నగరంలోని మార్క్వెట్ విశ్వవిద్యాలయంలో భౌతిక శాస్త్రం బోధించారు. ఆయన పద్ధతిని 1960లో అమెరికా చదరంగ సమాఖ్య, 1970లో అంతర్జాతీయ సమాఖ్య ఫిడే స్వీకరించాయి.

ఎలో ఆలోచన తేలికగానే అర్థమవుతుంది. ఇద్దరి రేటింగుల తేడాను బట్టి ఎవరికి ఎంత ఫలితం రావాలో ముందే అంచనా వేస్తారు. గెలుపుకు 1, డ్రాకు అర, ఓటమికి సున్న. ఇద్దరూ సమానులైతే ఒక్కొక్కరి అంచనా 0.5. తేడా 100 పాయింట్లయితే పైవారి అంచనా 0.64, 200 అయితే 0.76, 400 అయితే 0.91. ఆట ముగిశాక, వచ్చిన ఫలితంలోంచి ఈ అంచనాను తీసివేసి, మిగిలినదాన్ని ఒక గుణకంతో హెచ్చవేసి, మీ పాత రేటింగుకు కలుపుతారు. ఫిడే పద్ధతిలో కొత్తవారికి ఈ గుణకం 40. ఆ తరువాత 2400 స్థాయి అందుకునేదాకా 20. అందుకున్నాక 10.

ఒక ఉదాహరణ చేసి చూద్దాం. మీ రేటింగు 1500, ఎదుటివారిది 1700, గుణకం 20 అనుకోండి. మీ అంచనా 0.24. ఓడితే మీకు పోయేది 20ని 0.24తో హెచ్చవేస్తే వచ్చే 4.8 పాయింట్లు. గెలిస్తే వచ్చేది 15.2. అంటే మీరు ఓడే అవకాశమే ఎక్కువని లెక్క ముందే ఒప్పుకుంది. అందుకే అది మిమ్మల్ని పెద్దగా శిక్షించదు.

ఇప్పుడు కాగితం తీసుకుని ఇంకొక్క లెక్క చేయండి. 0.24 వంతు సార్లు 15.2 లాభం, 0.76 వంతు సార్లు 4.8 నష్టం. రెండూ దాదాపు 3.65. నికరం సున్న! మీ రేటింగు మీ సత్తాకు సరిగ్గా సరిపోతే, ఎవరితో ఆడినా సగటున మీకొచ్చేదీ లేదు, పోయేదీ లేదు. రేటింగు బహుమతి కాదు, థర్మామీటరు వంటిది. జ్వరం చూసుకున్నంత మాత్రాన ఎవరూ ఓడిపోరు కదా!

సగం ఓడడమే ఏర్పాటు

ఇంటర్నెట్‌లో ఆటలు నడిపే కంప్యూటర్లు ఈ అంకెను ఇంకో పనికి కూడా వాడుకుంటాయి. మీకు దాదాపు సమానమైన ప్రత్యర్థినే వెతికి ఎదురుగా కూర్చోబెడతాయి. దాని ఫలితమేమిటి? మీరు రమారమి సగం ఆటలు గెలుస్తారు, సగం ఓడతారు. కష్టపడి నేర్చుకుని పైకెదిగినా అంతే. ఎనిమిదో తరగతి లెక్కలు వచ్చేయగానే తొమ్మిదో తరగతి పుస్తకం చేతికిచ్చే మాస్టారిలా, కంప్యూటరు ఇంకా గట్టివారిని తెచ్చి పెడుతుంది. కాబట్టి "గెలిస్తేనే ఆనందం" అనుకునేవారికి ఈ ఏర్పాటులో ఆడినంత కాలమూ సగం ఏడుపే!

ఇక ఆ ఐదు వరస ఓటముల మాట. నాణెం ఎగరేసినట్టు సగం సగం అవకాశమున్న ఆటలు వంద ఆడితే, వాటిలో ఎక్కడో ఒకచోట వరసగా ఐదో అంతకు మించో ఓటములు తగిలే సంభావ్యత నూటికి దాదాపు 80. అందులో మీ తెలివి తగ్గడం, అదృష్టం ముఖం చాటేయడం ఏమీ లేదు. అది తగలకపోతేనే ఆశ్చర్యపోవాలి.

గుణకం 20 ఉండి, డ్రాలు లేవనుకుంటే, సత్తాలో ఏ మార్పూ లేని ఆటగాడి రేటింగు కూడా అసలు విలువకు అటూ ఇటూ 40 పాయింట్ల మేర ఊగుతూనే ఉంటుంది. 1512కూ 1468కీ తేడా 44. ఆ రాత్రి మీరు కోల్పోయింది దాదాపు ఈ ఊగిసలాటే. ఎలోకు ఈ సంగతి బాగా తెలుసు. నీటి మీద పైకీ కిందికీ ఆడే బెండు ఎత్తును, గాలికి ఊగే తాడుకు కట్టిన కొలబద్దతో కొలవడం వంటిదని తన పద్ధతిని ఆయనే పోల్చారు.

1995లో మార్క్ గ్లిక్‌మన్ అనే గణాంక శాస్త్రజ్ఞుడు గ్లికో అనే పద్ధతి రూపొందించి, రేటింగుతో పాటు అందులోని అనిశ్చితిని కూడా లెక్కలోకి తెచ్చారు. కొత్తగా చేరినవారి అంకె పెద్ద పెద్ద గంతులు వేయడానికీ, చాన్నాళ్ళు ఆడనివారి అంకెను కంప్యూటరు అంతగా నమ్మకపోవడానికీ కారణం ఇదే.

తెలిసినా ఎందుకు బాధ?

లెక్క అర్థమైంది. అయినా ఓడితే మనసు చివుక్కుమంటుంది. ఎందుకు? డేనియల్ కానెమన్, ఏమాస్ త్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1979లో ఒక సిద్ధాంతం ప్రకటించారు. పోగొట్టుకున్న బాధ, అంతే మొత్తం పొందిన సంతోషం కన్నా బరువైనదని దాని సారాంశం. డబ్బు పందేలపై చేసిన ప్రయోగాల ఆధారంగా 1992లో వారు ఈ బరువును రెండుంపావు రెట్లుగా అంచనా వేశారు. ఆటకూ అదే వర్తిస్తుందనుకుందాం. పది ఆటల్లో ఐదు గెలిచి ఐదు ఓడితే సంతోషం ఐదు పాళ్ళు, బాధ పదకొండు పాళ్ళు! పాయింట్ల ఖాతా సున్న దగ్గరున్నా మనసు ఖాతా అప్పుల్లో పడుతుంది.

ఇంకో ప్రమాదమూ ఉంది. 1973లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే పరిశోధకులు, బొమ్మలు గీయడమంటే ఇష్టమున్న నర్సరీ పిల్లలను మూడు జట్లుగా చేశారు. ఒక జట్టుకు "గీస్తే బహుమతి పత్రం ఇస్తాం" అని ముందే చెప్పారు. రెండో జట్టుకు చెప్పకుండా, గీశాక ఇచ్చారు. మూడో జట్టుకు ఏమీ లేదు. కొద్ది రోజుల తరువాత ఏ బహుమతీ లేకుండా రంగు పెన్నులు మళ్ళీ ముందు పెడితే, బహుమతి కోసం గీసిన పిల్లలు మిగతావారు గీసిన సమయంలో దాదాపు సగమే గీశారు. ఇష్టంగా చేసే పని ఎర కోసం చేసే పనిగా మారిపోయింది. చదరంగాన్ని ఇష్టపడి మొదలుపెట్టి, చివరికి అంకె కోసమే ఆడుతున్న మీరు ఏ జట్టు పిల్లలో ఆలోచించుకోండి.

మరి గెలవడానికి ప్రయత్నించొద్దా?

తప్పక ప్రయత్నించాలి. చెడుగుడు తీసుకోండి. అవతలి జట్టువారిని తాకి రావడమే పనైతే, వాళ్ళు అన్నం తినే వేళకు వెళ్ళి తాకి రావచ్చు! అలా ఎవరూ చేయరు. కూత ఆపకుండా, పట్టుకోవడానికి కాచుకున్నవారి మధ్య నుంచి తప్పించుకు రావడంలోనే మజా ఉంది. అవసరం లేని అడ్డంకులను కోరి తెచ్చుకుని దాటడానికి ప్రయత్నించడమే ఆట అని తత్వవేత్త బెర్నార్డ్ సూట్స్ 1978లో నిర్వచించారు. గెలుపు అనే గురి లేకపోతే ఆ ప్రయత్నం లేదు. కానీ మనకు దక్కేది ప్రయత్నం వల్ల వచ్చే ఆనందమే. ఆడుతున్నంతసేపూ గెలవాలనే ఆడండి. ఆట ముగిశాక ఆ గురిని బోర్డుతో పాటే మడిచి పెట్టేయండి.

2024 డిసెంబరులో న్యూయార్క్‌లో జరిగిన మహిళల ప్రపంచ ర్యాపిడ్ పోటీలో మన కోనేరు హంపి మొదటి ఆటే ఓడిపోయారు. అక్కడితో మనసు విరుచుకుని ఉంటే కథ వేరేగా ఉండేది. మిగిలిన పది ఆటలూ ఒక్కొక్కటిగా ఆడి, మొత్తం 11 ఆటల్లో 8.5 పాయింట్లతో 2019 తరువాత రెండోసారి ఆ కిరీటం గెలిచారు.

రేపటి నుంచి చేసి చూడండి

రేటింగు లెక్కకు రాని సరదా ఆటలు ఆడే వీలు చాలా చోట్ల ఉంది. లీచెస్ వంటి వేదికలో అంకెలు అసలు కనబడకుండా దాచుకోవచ్చు కూడా. వారం రోజులు దాచి చూడండి. ఎన్ని ఆటలు ఆడాలో ముందే నిర్ణయించుకోండి. పోయింది రాబట్టాలనిపించిన క్షణమే ఆపవలసిన క్షణం. ఓడిన ఆటల్లో ఒక్కదాన్ని మర్నాడు తీరిగ్గా తిరగేసి, "ఎత్తు ఎక్కడ తప్పాను?" అన్న ఒక్క ప్రశ్నే వేసుకోండి. అంకె ఇవ్వలేని జవాబు అక్కడ దొరుకుతుంది.

ఇంకొక్క మాట. మీరు ఓడిన ప్రతిసారీ ఎక్కడో ఒకరు గెలిచారు. బహుశా ఆయన కూడా "ఒక్క ఆటే" అనుకుని కూర్చున్న మీలాంటి విద్యార్థే. మీరు బాగా ఆడబట్టే ఆయన గెలుపుకు రుచి వచ్చింది. ఆ రుచి రేపు మీ వంతు. సగం సార్లు తప్పకుండా!