ఈనిన నాటి నుంచి వట్టిపోయేదాకా

బెంగళూరులో తెల్లవారకముందే గడప ముందు పడే పాల ప్యాకెట్టు ఏడాది పొడవునా అర లీటరే. ఉగాదికీ అంతే, దీపావళికీ అంతే. ఆ పాలిచ్చే ఆవు మాత్రం ఏ రెండు నెలలూ ఒకే తీరుగా ఇవ్వదు. ఒకటి నిన్న ఈని ఉంటుంది, ఒకటి మంచి పాడిమీద ఉంటుంది, ఇంకొకటి వట్టిపోవడానికి సిద్ధంగా ఉంటుంది. వేల ఆవుల హెచ్చుతగ్గులు డెయిరీ ట్యాంకులో కలిసిపోతాయి కాబట్టి నగరానికి ఏ తేడా తెలియదు. రెండో మూడో ఆవులున్న ఇంటికి మాత్రం ఆ తేడాయే బతుకు.

ఆ ఇళ్లలో తెలుగు మాట్లాడేవి తక్కువేం కాదు. ముళబాగిలు, శ్రీనివాసపురం, చింతామణి, బాగేపల్లి... కోలారు, చిక్కబళ్లాపుర జిల్లాల్లో పాలకేంద్రం ముందు పొద్దునా సాయంత్రం క్యాన్లతో నిలబడేవారి మాట చాలాచోట్ల తెలుగే. హోల్‌స్టీన్ సంకరజాతి ఆవును వాళ్లు సీమావు అంటారు. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున్న ఈ పీఠభూమి చల్లదనం దానికి సరిపడింది. అంతకుముందు ఇక్కడి పేరున్న పశువులు హళ్లికార్, అమృత్‌మహల్. అవి దుక్కికీ బండికీ పుట్టిన జాతులు. వాటి పాలు దూడకు పోను ఇంటికి కొంచెం మిగిలేవి.

సంతలో ఆవును కొనేవాడు అడిగే మాటలు రెండు: ఎన్నో ఈత? పూటకు ఎన్ని లీటర్లు? అసలు అడగాల్సింది మూడోది: ఈని ఎన్నాళ్లయింది? రెండో నెలలో రోజుకు ఎనిమిది లీటర్లిచ్చే ఆవూ, ఎనిమిదో నెలలో ఎనిమిది లీటర్లిచ్చే ఆవూ ఒకటి కావు. మొదటిది ఇక దిగడమే. రెండోది ఎంతో ఎత్తు నుంచి నెమ్మదిగా దిగివచ్చిన మేలైన ఆవు.

ఈనిన తర్వాత నాలుగైదు రోజులు జున్నుపాలు. అక్కడి నుంచి పాలు రోజురోజుకీ పెరిగి, ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య శిఖరానికి చేరతాయి. ఆపైన నెలకు ఏడెనిమిది నుంచి పది శాతం దాకా తగ్గుతూ వస్తాయి. 1967లో వుడ్ అనే శాస్త్రవేత్త ‘నేచర్’ పత్రికలో ఈ గీతకు ఒక గణిత సూత్రం ఇచ్చాడు. లెక్కలవాళ్లు ఇప్పటికీ దాన్నే మొదట ముట్టుకుంటారు. రైతుకు అంత లెక్క అక్కర్లేదు. శిఖరం రోజున ఎన్ని లీటర్లిచ్చిందో దాన్ని సుమారు రెండు వందలతో హెచ్చిస్తే, 305 రోజుల పాడి మొత్తం ఉరామరికగా తేలుతుంది. పదిహేను లీటర్ల ఆవు అంటే మూడువేల లీటర్లు. శిఖరంలో ఒక్క లీటరు పెరిగితే ఆ ఈతలో రెండు వందల లీటర్లు పెరిగినట్టే.

ఇక్కడే ఒక చిక్కుంది. పాలు రెండో నెలలో శిఖరానికి చేరితే, ఆవు పూర్తి ఆకలి తిరిగి తెచ్చుకునేది మూడో నెలలో. నడుమ ఆ కొన్ని వారాలు తిన్నదానికంటే ఎక్కువ పాలిస్తుంది. ఆ ఎక్కువ ఎక్కడిది? దాని ఒంట్లోది. వీపు ఎముక తేలుతుంది, పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. లీటరు పాలు తయారవ్వాలంటే పొదుగు గుండా నాలుగైదు వందల లీటర్ల రక్తం పారాలి. ఆ పని ఖాళీ కడుపుతో జరగదు. అయినా ఇంట్లోవాళ్లు “పాలు బాగానే ఇస్తోంది కదా” అని ఒట్టి రాగిగడ్డితో సరిపెడతారు. చిక్కిన ఆవు వేళకు ఎదకు రాదు. చూలు కట్టించే సూది ఆలస్యమవుతుంది. మళ్లీ ఈనేది పదమూడు, పద్నాలుగు నెలలకు కాక పదిహేను, పదహారు నెలలకు. ఆ అదనపు నెలలన్నీ అడుగంటిన పాలతో గడుస్తాయి. దాణా ఖర్చు మిగిలిందనుకున్న ఇల్లు ఏడాది చివర్లో ఆ నష్టాన్ని చూస్తుంది. ఎందుకో తెలియక ఆవును తిడుతుంది. నాకు బాధ కలిగించేది ఆ తిట్టే.

రెండో తప్పు చివరి రెండు నెలల్లో. చూడి ఆవుకు ఈనే ముందు అరవై రోజులు పితకడం ఆపాలి. కడుపులో దూడ ఎక్కువగా పెరిగేదీ, పొదుగులో అరిగిన కణాలు కొత్తవి అయ్యేదీ అప్పుడే. ఆ విరామమే ఇవ్వకుంటే వచ్చే ఈతలో ఐదోవంతు, ఒక్కోసారి నాలుగోవంతు పాలు పోతాయి. ఇది తెలిసినవాళ్లు కూడా పితుకుతూనే ఉంటారు. కారణం అత్యాశ కాదు. అప్పు కంతు ప్రతి నెలా ఒకటే, ఆవు రాబడి మాత్రం ఎక్కి దిగుతుంది. పాడి అప్పులు ఆవు నడకను చూసి రాయాలి: మొదటి నెలల్లో పెద్ద కంతు, వట్టి నెలల్లో కంతే లేకుండా. అది దయ కాదు, సరైన లెక్క.

ఈ లెక్క నేర్పే చోటు దగ్గర్లోనే ఉంది. 1923లో హోసూరు రోడ్డు పక్కన ఆడుగోడిలో పశుపోషణ, పాడి కోసం ఇంపీరియల్ సంస్థ మొదలైంది. 1927లో ఒంట్లో నలతగా ఉండి బెంగళూరులో విశ్రాంతి తీసుకుంటున్న గాంధీజీ కూడా అక్కడికి వెళ్లి పశుపోషణ పాఠాలు నేర్చుకున్నాడు. సందర్శకుల పుస్తకంలో తనను సబర్మతి రైతుగా రాసుకున్నాడు. 1955లో ప్రధాన కేంద్రం కర్నాల్‌కు తరలింది. దక్షిణ కేంద్రంగా ఇక్కడిది నిలిచింది. ఆ ప్రాంగణాల్లో ప్రతి ఆవుకూ ఒక పుస్తకం ఉంటుంది. కోలారు కొట్టాల్లో మాత్రం చాలా ఆవులకు అది లేదు. పాలకేంద్రం చీటీలో లీటర్లు, వెన్నశాతం ఉంటాయి కానీ, అవి ఇంటి మొత్తానివి. ఏ ఆవు ఎక్కుతోందో, ఏది దిగుతోందో ఆ చీటీ చెప్పదు.

బెంగళూరు ఆఫీసుల్లో పనిచేస్తున్న పాడి ఇళ్ల బిడ్డలకు ఒక విన్నపం. ఈసారి ఊరికి వెళ్లినప్పుడు ఒక క్యాలెండరు తీసుకెళ్లి కొట్టం గోడకు తగిలించండి. ఒక్కో ఆవుకు రెండు తేదీలు రాయండి: ఈనింది ఎప్పుడు, సూది వేయించి చూలు నిలిచింది ఎప్పుడు. ఆ రెండోదానికి ఏడు నెలలు కలిపిన రోజు చుట్టూ ఎర్ర సున్నా చుట్టండి. పితకడం ఆపాల్సింది ఆ రోజే. నెలకొక్కసారి ఆవువారీగా పాలు కొలిచి, ఆ అంకె పక్కనే వేయమని అమ్మకో నాన్నకో చెప్పండి.