పోయిన ప్రాణం, ఉన్నవాళ్ళ హక్కు

మా కుందలహళ్ళిలో తెలుగువాళ్ళకు కొదవలేదు. వైట్‌ఫీల్డు కంపెనీల ఇంజనీర్లు, కార్లు నడిపే అనంతపురం కుర్రాళ్ళు, మేడలు కట్టే పాలమూరు కూలీలు, అందరం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఒకే రోడ్డు దాటుతాం. దాటలేకపోయినవాళ్ళ ఇళ్ళకు నేను తరచు వెళ్తూ ఉంటాను. వకీలును కాను గాని, ఉద్యోగకాలమంతా క్లెయిముల కాగితాలతో గడిపినవాణ్ణి.

కొడుకును లారీ ప్రమాదంలో పోగొట్టుకున్న ఒక తల్లి, కాగితాల మీద సంతకం పెట్టమంటే, "నా బిడ్డకు వెల కడతారా అన్నయ్యా?" అంది. చట్టం బిడ్డకు వెల కట్టదమ్మా, బిడ్డ మీద ఆధారపడినవాళ్ళ నష్టానికి లెక్క కడుతుంది, అన్నాను. డ్రైవరుకు శిక్ష పడితే చాలని కూడా చాలామంది అనుకుంటారు. ఆ కేసు వేరు, ఈ దావా వేరు.

దీనికి మూలం 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం. దాని సూత్రం తేలికే. మనిషి గాయాలతో బతికి ఉంటే ఎవరి మీద దావా వేయగలిగేవాడో, అతను పోతే అతని భార్య లేదా భర్త, తల్లిదండ్రులు, పిల్లల కోసం వారి మీదే దావా వేయవచ్చు. గడువు రెండేళ్ళు. రోడ్డు ప్రమాదాలకు మాత్రం మోటారు వాహనాల చట్టం కింద ప్రత్యేక ట్రిబ్యునల్ ఉంది. ప్రమాదం జరిగినచోటే కాదు, మీరు నివసించేచోట కూడా దరఖాస్తు వేసుకోవచ్చు.

ప్రభుత్వం ప్రకటించే సొమ్ముతో అంతా అయిపోయిందనుకోకండి. 2023 మే 21న బెంగళూరు కె.ఆర్. సర్కిల్ అండర్‌పాసు వాన నీటిలో కారు చిక్కుకుని, ఆంధ్రా నుంచి వచ్చిన 22 ఏళ్ళ ఉద్యోగిని చనిపోయింది. ముఖ్యమంత్రి 5 లక్షలు ప్రకటించారు. అటువంటిది దయతో ఇచ్చేది. నష్టపరిహారం అడిగి తీసుకునేది.

సర్కారును అడగగలమా అంటారా? అప్పటి కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైలు సంగతి వినండి. 1977 మే 5 రాత్రి దాటాక దుండగులు లోపలికి చొరబడి గదిలోకి బాంబులు విసిరారు. చల్లా చిన్నప్పరెడ్డి చనిపోయారు. అదే గదిలో ఉన్న కొడుకు రామకృష్ణారెడ్డి గాయాలతో బయటపడ్డారు. కుటుంబం పది లక్షలకు దావా వేసింది. కింది కోర్టు కొట్టేసింది, హైకోర్టు 1,44,000 రూపాయలు ఇప్పించింది. సార్వభౌమాధికారం ఉన్న ప్రభుత్వాన్ని అడగరాదని రాష్ట్రం సుప్రీంకోర్టుకెక్కింది. ఖైదీకి కూడా బతికే హక్కు ఉంటుందని చెప్పి, 2000 ఏప్రిల్‌లో కోర్టు ఆ అప్పీలును తోసిపుచ్చింది. అప్పటికి ఇరవై మూడేళ్ళు గడిచాయి!

ఇక లెక్క. 2009లో సరళా వర్మ కేసు, 2017లో ప్రణయ్ సేఠీ కేసు దీనికో పద్ధతి ఏర్పరచాయి. నెలకు 20,000 సంపాదించే 35 ఏళ్ళ డ్రైవరు, ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి ఉన్నారనుకోండి. సొంతంగా సంపాదించుకునేవాడు గనుక రేపటి ఎదుగుదల కింద నూటికి నలభై కలిపితే 28,000. తన ఖర్చు నాలుగోవంతు తీస్తే 21,000. ఏడాదికి 2,52,000. ఆ వయసుకు గుణకం 16, అంటే 40,32,000. అంత్యక్రియలకు, ఎడబాటుకు కొంత విడిగా వస్తుంది.

జీతం తీసుకోని ఇల్లాలు పోతే? ఇదే నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం. 2021 జనవరిలో కీర్తి కేసులో మన జస్టిస్ ఎన్.వి. రమణ, ఇల్లాలి చాకిరీకి కూడా ఆదాయం లెక్కగట్టాలని వివరంగా రాశారు. వంట, పిల్లల పెంపకం, ముసలివాళ్ళ సేవ, ఇవన్నీ పనే కదా! మా ఇంట్లో ఆ పేరా చదివి వినిపిస్తే, "ఇప్పటికి తెలిసిందా?" అని దెప్పింది మా ఆవిడ.

ట్రిబ్యునల్‌కు వెళ్ళడానికి 2022 ఏప్రిల్ నుంచి ఆరు నెలల గడువు పెట్టారు. అది చెల్లుతుందా అన్న వివాదం సుప్రీంకోర్టుకు వెళ్ళింది గాని, దాన్ని నమ్ముకోక ఆరు నెలల్లోపే వేయడం క్షేమం. ఎఫ్.ఐ.ఆర్., పోస్టుమార్టం నివేదిక, జీతం కాగితం లేకపోతే బ్యాంకు పుస్తకం దగ్గర పెట్టుకోండి. ఇక్కడి పోలీసు కాగితాలు కన్నడంలో ఉంటాయి గనుక తెలిసినవాళ్ళ చేత చదివించుకోండి, ముఖ్యంగా వయసు. 35 పొరపాటున 36గా పడితే గుణకం 16 కాస్తా 15 అవుతుంది. పై డ్రైవరు ఇంటికి 2,52,000 తగ్గిపోతుంది.